నాలుగో రాయి నుంచి నడవనివ్వండి

పాదయాత్రికుల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నడక దారిలో, కొండ పాదానికి ఇవతల నాలుగో కిలోమీటరు రాయి వద్ద సొమ్మసిల్లిన మా అత్తగారిని తిరిగి సదరు రాయి నుంచి నడవనిచ్చుట గురించి, మరియు నా సొంత నడక కార్డును రద్దు చేయుట గురించి.

పై విషయంలో రెండో సగం చదివి, రాసినావిడ పొరపాటు పడిందని తమరు అనుకోవచ్చు. పొరపాటేమీ లేదు. వివరములు దిగువన వరుసగా మనవి చేయుచున్నాను.

1. క్రింద సంతకం చేసిన నేను గత ఇరవై రెండు సంవత్సరాలుగా ఒక పెద్ద కార్యాలయం గేటు ఎదుట, మెట్ల కింద గదిలో, టైపు పని చేసుకుని జీవించుచున్నదానను. ఇతరుల అర్జీలు కొన్ని వేలు టైపు చేసితిని. ఏ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోతుందో నాకు తెలుసు. 'పరిశీలనలో ఉన్నది' అంటే ఎవరూ చూడలేదని అర్థం. 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అంటే బల్ల మారిందని అర్థం. ఇన్ని తెలిసిన నేను నా సొంతానికి రాసుకుంటున్న మొదటి అర్జీ ఇది. టైపు మిషను ఆ గదిలోనే ఉండిపోయినందున చేత్తో రాయుచున్నాను. దస్తూరి బాగుండదు. మన్నించగలరు.

2. మా అత్తగారి వయస్సు అరవై ఆరు. మా మామగారు సైకిళ్లు బాగుచేసేవారు. ఏడాదికోసారి కొట్టు మూసి, తొమ్మిది రోజులు నడిచి, ఈ కొండకు వచ్చి స్వామిని చూసి వెళ్లేవారు. "సైకిళ్ల మేస్త్రివి, ఓ సైకిలేసుకుని పోరాదా?" అని పక్క కొట్లవాళ్లు ఆటపట్టించేవారు. నవ్వి ఊరుకునేవారు. పన్నెండుసార్లు నడిచి వస్తానని మొక్కుకున్నారు. దేనికి మొక్కుకున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పదకొండు పూర్తయ్యాయి. పన్నెండో నడకకు ఇరవై రోజుల ముందు, కొట్లో ఎవరి చక్రానికో గాలి కొడుతూ పక్కకు ఒరిగిపోయారు. అంతే, మళ్లీ లేవలేదు.

ఆ మిగిలిన ఒక్క నడకా తనదేనని మా అత్తగారు నిశ్చయించుకున్నారు. రెండేళ్లు మోకాళ్లు ఒప్పుకోలేదు. ఈ ఏడు ఒప్పుకున్నాయని ఆమె చెప్పారు. మోకాళ్లను ఎవరూ అడగలేదు.

తోడు రావలసినది మా ఆయన. ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు. బయలుదేరడానికి పది రోజులుందనగా తడి నేల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు.

"వచ్చే ఏడు పోదాం లేమ్మా," అన్నారు, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని.

"వచ్చే ఏటికి నేనుంటానని రాసిస్తావా?" అన్నారు మా అత్తగారు.

ఎవరమూ రాసివ్వలేదు. నేను మెట్ల కింద గదికి తాళం వేసి బయలుదేరాను. నాకు మొక్కులు లేవు. దేవుడి మీద కోపం కూడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి గోడూ టైపు కొట్టేదానికి సొంతంగా దేవుణ్ణి ఏదైనా అడిగే తీరిక దొరకలేదు, అంతే.

3. తొమ్మిది రోజుల నడకలో పడిన ఇబ్బందులు చెప్పుకొనుట ఈ అర్జీ ముఖ్యోద్దేశం కాదు. అయినను, ఎలాగూ కాగితం మొదలుపెట్టాను గనుక కొన్ని మనవి చేస్తాను. రెండో మజిలీలో కొత్త మరుగుదొడ్లు ఎనిమిది ఉన్నవి. ఎనిమిదింటికీ తాళాలు. ప్రారంభోత్సవం కాలేదట, ఎవరి చేత చేయించాలో తేలలేదట. ప్రతి రెండు కిలోమీటర్లకు ఒక కుళాయి, కుళాయి మీద 'నీటిని వృథా చేయరాదు' అని బోర్డు ఉన్నవి. వృథా చేద్దామన్నా చుక్క రాదు. నీడ కోసం వేసిన పందిళ్లన్నీ చెట్ల కింద ఉన్నవి. చెట్టన్నది లేని ఆరు కిలోమీటర్లలో ఒక్క పందిరీ లేదు. ఈ ఏర్పాటు చేసినవారు ఎండ అంటే ఏమిటో ఫైలులో చదివి ఉంటారని నా నమ్మకం.

మూడో రోజుకు నా పాదాల కింద బొబ్బలు లేచాయి. చెప్పులున్న నాకే అలా ఉంటే, మా అత్తగారు చెప్పుల్లేకుండా నడిచారు. ఆమె పాదాలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. మజిలీ చేరగానే చీర అంచు పాదాల మీదికి లాక్కుని కూర్చునేవారు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"నీకుందా?"

"ఉంది."

"మరి నాకు మాత్రం ఉండదా? అడిగితే తగ్గుతుందా? పడుకో."

ఏడో రోజు పొద్దున ఒక సంగతి జరిగింది. దానికీ నా కోరికకూ సంబంధం లేదు, కాని దాచితే ఈ అర్జీ అసంపూర్తి అవుతుంది. అంతవరకు నేను ప్రతి కిలోమీటరు రాయినీ లెక్కపెట్టుకుంటూ, లోలోపల అందరినీ తిట్టుకుంటూ నడిచాను. తిట్టినవారిలో మా ఆయన, మా ఆయన కాలు, తమరి శాఖ ఉన్నారు. ఆ పొద్దున ముందు నడుస్తున్న ఆడవాళ్లు స్వామి పేరు పలుకుతున్నారు, వెనకవాళ్లు అందుకుంటున్నారు. మేము మధ్యలో ఉన్నాం. ఎప్పుడో తల తిప్పి చూస్తే నాలుగు రాళ్లు దాటిపోయాయి. ఒక్కటీ నేను చూడలేదు. నా పెదాలు కూడా కదులుతున్నాయి. మా అత్తగారు ఓరగా నన్ను చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నారు. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నేను టైపు చేసిన ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు.

4. తొమ్మిదో రోజు సోమవారం. ఎనిమిదో మజిలీ నుంచి కొండ పాదానికి పందొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి పదిహేను నడిచాం. కొండ కనిపిస్తోంది. ఆ ముక్కలో దారికి కొత్తగా తారు పోశారు. ఎండకు మెత్తబడి అది కాళ్లకు అంటుకుంటోంది. మధ్యాహ్నం ఎక్కడైనా ఆగుదామని రెండుసార్లు అడిగాను.

"కొండ కనబడుతుంటే ఆగుతారటే ఎవరైనా?" అన్నారు.

నాలుగో రాయి వచ్చింది.

"ఇంకెంతే?"

"నాలుగే అత్తయ్యా."

"నాలుగా?" అని ఆ రాయి మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి వేసినట్టే కిందికి జారిపోయారు.

తమ శాఖ అంబులెన్సు అయిదు నిమిషాల్లో వచ్చింది. ఇందుకు నా కృతజ్ఞతలు. ముఖం మీద నీళ్లు చల్లితే కళ్లు తెరిచారు. బండిని చూశారు. చూడగానే నా చీర కొంగు గట్టిగా పట్టుకున్నారు.

"నన్ను ఎక్కించకే."

"కాసేపే అత్తయ్యా, డాక్టరు చూసి పంపిస్తారు."

"ఎక్కించావంటే నాతో మాట్లాడకు. చెబుతున్నాను."

బండిలో వచ్చినతను నన్ను పక్కకు పిలిచాడు. "ఆవిడ వద్దంటున్నారమ్మా. మీరు సరేనంటేనే ఎక్కిస్తాం. ఆలస్యం మాత్రం చెయ్యకండి. నాడి బాగోలేదు."

నేను ఆమె పెదాల వంక చూశాను. సున్నం పూసినట్టున్నాయి. "ఎక్కించండి," అన్నాను. అతను కాగితం చాచాడు. సంతకం చేశాను. నా జన్మలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

5. ఆ పూటా, ఆ రాత్రీ ప్రథమ చికిత్స కేంద్రంలో సెలైను ఎక్కించారు. మంగళవారం ఉదయానికి మనిషి తేరుకున్నారు. నర్సు గారు దయగలవారు. ఆమె పని పెరగడానికి కారణం మాత్రం నేనే. ఎందుకంటే సోమవారం మధ్యాహ్నం నుంచి ఈ గురువారం వరకు మా అత్తగారు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పదలచింది ఏదైనా ఉంటే నర్సు గారికి చెబుతున్నారు.

"అమ్మా, ఆ స్టూలు మీద కూర్చున్నావిడ ఏమైనా తిన్నదేమో అడుగు."

"తిన్నానని చెప్పండి సిస్టర్."

"అబద్ధం అని చెప్పమ్మా."

మా ముగ్గురి మధ్యా రెండు మూరల దూరం లేదు. ఇరవై ఏళ్లుగా ఒకే వంటింట్లో తిరిగినవాళ్లం. ఎన్నోసార్లు గొడవపడ్డాం. గిన్నెలు చప్పుడు చేసుకున్నాం. కాని ఆమె నాతో మాట్లాడని పూట లేదు. నేను గంటల తరబడి వాదించగలను అయ్యా. మాట్లాడని మనిషితో ఎలా వాదించాలో నాకు చేతకావడం లేదు.

6. మంగళవారం పది గంటలకు నడకవాళ్ల ద్వారం దగ్గర కౌంటరుకు వెళ్లాం. ఆ ద్వారంలోంచి పంపే నడక కార్డు మీద ఎనిమిది మజిలీల ముద్రలూ ఉన్నవి. గుమాస్తా గారు ఒక రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూపారు.

"ఈ పేరు వాహనం రిజిస్టరులో ఉందమ్మా."

"స్పృహ తప్పితే ఎక్కించాం సార్. పక్కా పదిహేను కిలోమీటర్లు నడిచి వచ్చారు ఆ రోజు. ముందు ఎనిమిది రోజులు..."

"ఎందుకెక్కారు అన్న గడి నా దగ్గర లేదు. ఎక్కారా, లేదా? అంతే." ఎర్ర సిరాతో 'రద్దు' అని గుద్దారు. "మామూలు లైన్లో వెళ్లండి. అక్కడా అదే దేవుడు."

అప్పుడు మా అత్తగారు కౌంటరు కిటికీలోకి వంగారు. "నాయనా, కార్డు నువ్వే ఉంచుకో. నేను లోపలికి పోవడానికి రాలేదు, నడవడానికి వచ్చాను. నాలుగు కిలోమీటర్లు తగ్గాయి. వెనక్కి పోయి ఆ రాయి దగ్గర్నుంచి నడిచి వస్తాను. తర్వాత నువ్వు ఏ లైన్లో నిలబెట్టినా నిలబడతాను."

"వెనక్కి పోవడానికి లేదు పెద్దమ్మా."

"ఎందుకు లేదు? రాయి అక్కడే ఉందిగా?"

గుమాస్తా గారు మా వెనకనున్నవారిని పిలిచారు.

7. వెనక్కి పోవడానికి ఎందుకు లేదో నేను స్వయంగా విచారించగా తేలినది ఇది. నడక దారి ఒకవైపు దారి. కొండ వైపు రావచ్చును, కొండ నుంచి పోరాదు. గేటు మనిషి మంచివాడే. "అమ్మా, నా డ్యూటీ ఏమిటంటే, వచ్చేవాళ్లను ఆపకూడదు, పోయేవాళ్లను పోనివ్వకూడదు. మీ అత్తగారిని చూస్తే మా అమ్మ గుర్తొస్తోంది. అయినా పోనివ్వలేను. పైనుంచి కెమెరాలో చూస్తుంటారు," అన్నాడు. రెండవది వాహనాల దారి. అది నాలుగో రాయి పక్క నుంచే పోతుంది. దాని మీద మనుషులు నడవరాదు. వాహనంలో పోదామంటే అక్కడ ఏ వాహనమూ ఆపరాదు. ఆటో అతన్ని అడిగితే, "ఆపితే నా లైసెన్సు పోతుందక్కా," అన్నాడు. ప్రజలు పడిపోతే తీసుకురావడానికి అంబులెన్సు ఆగవచ్చును, లేచినవారిని దింపడానికి ఆగరాదట. అనగా నాలుగో రాయి దగ్గరికి పోవాలంటే మా అత్తగారు మళ్లీ తొమ్మిది రోజులు నడిచి రావలెను, లేదా ఆకాశం నుంచి దిగవలెను.

8. బుధవారం తమ కార్యాలయానికి వచ్చాను. మొదటి బల్ల మీదివారు, నాలుగో రాయి వరకే దారి తమదనీ, రాయి అవతల దారి వేరే కార్యాలయం కిందికి వస్తుందనీ చెప్పారు. ఆ కార్యాలయం బస్సులో ముక్కాలు గంట దూరం. అక్కడివారు ఫైలు తీసి, రాయికి అవతలి వైపు తమది, ఇవతలి వైపు తమరిది అన్నారు.

"మరి రాయి ఎవరిదండీ?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. "మీ అత్తగారు ఏ వైపు పడ్డారు?"

"రాయి మీద చెయ్యి వేసి పడ్డారు."

"చెయ్యి కాదమ్మా, కాళ్లు ఏ వైపున్నాయి?"

అయ్యా, ఇరవై రెండేళ్లలో నేను ఎంతోమంది ఏడుపు టైపు చేశాను. 'మిక్కిలి ఇబ్బందులకు లోనగుచున్నాను' అని కొట్టేటప్పుడు నా వేళ్లు ఎన్నడూ వణకలేదు. ఎదుట కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే, "త్వరగా చెప్పండి, బయట ఇంకా నలుగురున్నారు," అనేదాన్ని. వాళ్లందరికీ ఈ అర్జీ ముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. తమరికి అనవసరమైన విషయమని తెలుసు. కొట్టేయవచ్చును.

9. ఇక నా కార్డు సంగతి. అదే అంబులెన్సులో, మా అత్తగారి పక్కనే, ఆమె చెయ్యి పట్టుకుని నేను కూడా వచ్చాను. అదే నాలుగు కిలోమీటర్లు నేనూ నడవలేదు. కాని తోడుగా ఎక్కినవారి పేరు వాహనం రిజిస్టరులో రాసే అలవాటు లేదట. కనుక నా కార్డు నిక్షేపంగా ఉంది. "మీరు నడకవాళ్ల ద్వారంలో వెళ్లొచ్చమ్మా, మీకేం అభ్యంతరం లేదు," అని గుమాస్తా గారు రెండుసార్లు చెప్పారు. మొక్కున్న మనిషి బయట, మొక్కులేని నేను లోపల. ఆమె వినగా నాకీ మాట చెప్పారు. ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

కావున, నాది చెల్లితే ఆమెదీ చెల్లవలెను. ఆమెది చెల్లకపోతే నాది ఎర్ర సిరాతో రద్దు చేయవలెను. కార్డు దీనితో జతపరచడమైనది.

10. కావున తమరు పెద్ద మనసుతో పై విషయములన్నీ విచారించి, మా అత్తగారు నాలుగో రాయి వరకు వెనక్కి పోవుటకు ఒక్క గంటసేపు గేటు తెరిపించవలసినదిగా, లేదా అంబులెన్సును ఆ రాయి వద్ద ఒక్క నిమిషం ఆపించవలసినదిగా వేడుకొనుచున్నాను. ఆమె దేవుణ్ణి ఏమీ అడగడం లేదు. ఉన్న కిలోమీటర్లలో ఒక్కటీ వదలకుండా నడుస్తానంటున్నారు, అంతే. అడగనివాళ్లను ఆపడం కూడా ఒక శాఖ పనేనా? ఈ వాక్యం అర్జీలో ఉండరాదని నాకు తెలుసు. వేరొకరిదైతే తీసేయించేదాన్ని.

ఇంతదూరం చదివిన తమ ఓపికకు దండం పెడుతూ, దయతో చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
(చదివి సంతకం చేసినది)
మెట్ల కింద గది టైపిస్టు, సదరు పెద్దావిడ కోడలు

తాజా కలం:

అయ్యా, పై అర్జీ గురువారం మధ్యాహ్నం తీసుకువస్తే కిటికీ మూసి ఉంది. సిబ్బందికి సమావేశమట, మళ్లీ సోమవారమే తెరుస్తారట. మూసిన కిటికీ ముందు కాసేపు నిలబడ్డాను. కిటికీని తిట్టాను కూడా. కావలివారు విన్నారు.

తిరిగి చికిత్స కేంద్రం పక్కన మేము దిగిన షెడ్డుకు వెళ్లి, ఏంచేయాలో తోచక, మా అత్తగారి ముందు కూర్చుని ఈ అర్జీ మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. ఆమె గోడకు తిరిగి పడుకుని ఉన్నారు. నర్సు గారు తలుపు దగ్గర నిలబడి విన్నారు. చదవడం అయిపోయింది. మా అత్తగారు ఇటు తిరిగారు.

"ఇంత రాశావు, ఒకటి తప్పు రాశావు," అన్నారు. సూటిగా నాతోనే అన్నారు.

"ఏమిటత్తయ్యా?"

"నేను సొమ్మసిల్లలేదు. కూర్చున్నాను."

నర్సు గారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయారు. నేను మాత్రం నవ్వలేదు. మూడు రోజులుగా పట్టి ఉన్నదంతా ఒక్కసారి వచ్చేసింది. అర్జీ కాగితం అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మూడో పేజీలో సిరా అలుక్కుపోయిన చోట్లకు కారణం అదే.

"ఊరుకో," అన్నారు మా అత్తగారు. "నువ్వు ఎక్కించకపోతే ఆ రాయి దగ్గరే పోయేదాన్ని. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా? తెలుసు. తెలిసే వచ్చింది కోపం. నీ మీద కాదే, ఈ ఒంటి మీద. ఒంటితో మాట్లాడ్డం మానెయ్యలేను కదా, నీతో మానేశాను."

తర్వాత లేచి కూర్చుని అడిగారు. "ఆ ఎనిమిదో మజిలీ దగ్గర బస్సు ఆగుతుందా?"

"ఆగుతుంది. అక్కడ స్టాపుంది."

"అక్కడ్నుంచి కొండ వైపు నడవడానికి ఎవరి పర్మిషనన్నా కావాలా?"

అయ్యా, అక్కర్లేదు. తమ నిబంధనలన్నీ మనసులో తిప్పి చూశాను. కొండ వైపు నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను అడుగుతున్నది నాలుగు కిలోమీటర్లు. అది ఇవ్వడానికి రెండు కార్యాలయాలకు చేతకాలేదు. ఆమె పందొమ్మిది తీసుకున్నారు.

"ఎండలో అడుగు పెట్టొద్దు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. రెండు రోజులు చెయ్యండి," అన్నారు నర్సు గారు. నీళ్లల్లో కలుపుకునే పొట్లాలు గుప్పెడు నా సంచిలో వేశారు. ఈసారి చెప్పులు వేసుకోవాలని నేను పట్టుబట్టాను. మా అత్తగారు చాలాసేపు ఆలోచించి, "మీ మామయ్య వేసుకునే నడిచేవారు లే," అన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు వేసుకోలేదని అడగబోయి మానుకున్నాను. ఆ మాట అబద్ధం కావచ్చునని నాకు అనుమానం.

శుక్రవారం ఉదయం బస్సులో ఎనిమిదో మజిలీకి వెళ్లి దిగాం. ఆ రోజు తొమ్మిది కిలోమీటర్లు, శనివారం పది. మధ్యాహ్నాలు చెట్ల కింది పందిళ్లలో పడుకున్నాం. ఆ పందిళ్ల గురించి పైన రాసిన మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక నాలుగో రాయి దగ్గరికి వచ్చాం. నేను అక్కడ ఆగుదామనుకున్నాను. మా అత్తగారు దానివైపు చూడను కూడా చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే నడిచారు. చివరి నాలుగు కిలోమీటర్లకు రెండు గంటల పైన పట్టింది. మూడుచోట్ల కూర్చున్నాం. రెండోసారి కూర్చున్నప్పుడు పక్క దారిలో అంబులెన్సు నెమ్మదించింది. మొన్నటి అతనే. తల బయటికి పెట్టి నా వంక చూశాడు.

"అమ్మా, ఎక్కుతారా?"

నేను మా అత్తగారి వంక చూశాను. ముఖం వాడి ఉంది కాని పెదాలు ఎర్రగానే ఉన్నాయి. "ఏమంటావే?" అని ఆమె నన్నే అడిగారు.

"ఎక్కం," అన్నాను.

ఆ తర్వాత ముక్కలో ముందు నడుస్తున్నవాళ్లు స్వామి పేరు అందుకున్నారు. మా అత్తగారికి ఊపిరి చాలడం లేదు. అందుకని ఆమె వంతు కూడా నేనే పలికాను. గట్టిగానే పలికాను. గేటు మనిషి మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కార్డు లేదు గనుక, నడకవాళ్ల ద్వారం పక్క నుంచి పోయి, మామూలు లైన్లో చివర నిలబడ్డాం. నా కార్డు ఈ అర్జీకే గుచ్చి ఉంది, దాన్ని వాడలేదు. మామూలు లైను కౌంటరులో వేరే గుమాస్తా గారున్నారు. మా అత్తగారి చీర అంచుకు మోకాలి దాకా దుమ్ము, చెప్పులకు తారు. ఆయన తల ఎత్తకుండా అడిగారు.

"పెద్దమ్మా, ఎలా వచ్చారు? నడిచా, వాహనమా?"

నేను నోరు తెరిచాను. తొమ్మిది రోజులూ, ఎనిమిది ముద్రలూ, రెండు కార్యాలయాలూ, పందొమ్మిది కిలోమీటర్లూ అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మా అత్తగారు నా చెయ్యి నొక్కారు.

"వాహనం అని రాసుకో నాయనా," అన్నారు. "నీకు అదే సులువు."

లోపల ఏం జరిగిందన్నది తమ శాఖకు సంబంధించినది కాదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని, మొదటిసారి పాదాలు నా ముందుకు చాపి, "కాస్త నూనె ఉంటే రాయవే," అన్నారు. రాశాను.

కావున పై అర్జీలోని పదో పేరాలోని కోరిక మాకు ఇక అవసరం లేదు. అయినను అర్జీని వెనక్కి తీసుకోవడం లేదు. ఆ రాయి దగ్గర రేపు ఇంకెవరైనా కూర్చోవచ్చును. వారి వెంట టైపు వచ్చిన కోడలు ఉండకపోవచ్చును. గేటు సంగతి చూడగలరు, మరుగుదొడ్ల తాళాలు తీయించగలరు.

శనివారం నాటి తమ రిజిస్టరులో మా అత్తగారి పేరు ఎదుట 'వాహనం' అని ఉంటుంది. దాన్ని దిద్దవలసిన పని లేదు.